ముప్పై ఒకటో బండ

ముప్పై బండలు బుద్ధిగా పడుకున్నాయి. ముప్పై ఒకటోది మాత్రం గోడకి ఆనుకుని, విందుకి పిలిచి కుర్చీ వెయ్యని చుట్టంలా మొహం మాడ్చుకుని నిలబడింది. సోమవారం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

మేస్త్రి మోకాళ్ళ మీంచి లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. తలుపు పక్క మూలన ఒక గడి ఖాళీ. అక్కడెక్కడో కిటికీ కింద ఇంకో గడి ఖాళీ. ఒక్కో బండ రెండు గడులంత ఉంటుంది. మిగిలింది ఒక్క బండ, ఖాళీ ఉన్నదీ ఒక్క బండకి సరిపడా చోటే. కానీ ఆ చోటు రెండు ముక్కలై గదికి ఈ చివరొకటీ ఆ చివరొకటీ కూర్చుంది.

"ఏవయ్యా, ఆ బండ నిన్ను చూస్తోందా, నువ్వు బండని చూస్తున్నావా?" అంది ఇసక జల్లిస్తున్న భార్య.

"నువ్వు కాస్త ఊరుకోవే."

"ఊరుకుంటే పడుతుందంటే చెప్పు, సాయంత్రం దాకా నోరు కుట్టేసుకుంటా."

అతన్ని అందరూ దారం మేస్త్రి అంటారు. నేల మీద అడ్డంగా నిలువుగా దారాలు లాగి కట్టందే బండ ముట్టడు. సిమెంటు కలపకముందే బండలన్నీ పొడిగా పరిచి చూసుకుంటాడు, అన్నీ కుదిరాకే తడి పెడతాడు. ముప్పై ఏళ్ళుగా అతను వేసిన నేల మీద గోలీ వదిలితే వదిలిన చోటే ఉంటుందని చెప్పుకుంటారు. ఆ పేరే అతని ఆస్తి. ఇంకో ఆస్తి వెతికినా కనపడదు.

ఇప్పుడు వేస్తున్నది గ్రంథాలయం ముందుగదిలో. వెడల్పు పద్నాలుగు అడుగులు, పొడవు పద్దెనిమిది. సరిగ్గా నడిమధ్యలో రెండడుగుల చదరం దిమ్మ, నల్లరాతిది. శనివారం సాయంత్రం ఆ దిమ్మ మీద పెద్దాయన విగ్రహం కొలువుతీరాలి. పెద్దాయన అంటే ఎవరని అడిగేవాడు ఆ వీధిలో లేడు. ఆయన నవలలు చదవనివాళ్ళకి కూడా ఆయన పెద్ద నవల మొదటి వాక్యం నోటికొచ్చు. "వాన వెలిసింది గానీ గొడుగు ముడవడానికి ఎవరికీ మనసు రాలేదు." టీకొట్టు బాబాయి అయితే టీ వడపోస్తూ దాన్ని రోజుకి పదిసార్లు అంటాడు. వాన లేని రోజుల్లో కూడా అంటాడు.

కమిటీ కార్యదర్శి లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు సాహిత్యం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ఆహ్వానపత్రాల కట్ట.

"ఏం మేస్త్రీ, ఇంకా తడి పడలేదేం?"

"ఒక్క బండ కుదరట్లేదు సార్."

"ఒక్కటేగా!"

"ఒక్కటే. కోసి రెండు ముక్కలు చేస్తే చెరో చోటా పట్టేస్తుంది. కానీ..."

కోత అన్న మాట వినగానే కార్యదర్శి మొహం మారిపోయింది. కట్టలోంచి ఒక పత్రం లాగి పైకి చదివాడు. "ఒక్క మాట కొట్టివెయ్యడానికి వీల్లేని మహారచయితకు, ఒక్క కోత లేని నేల. చూశావా? ఐదువందల పత్రాలు పంచేశాం. ఈ మాట నాది కాదు, నువ్విచ్చిందే. కమిటీ ముందు నిలబడి ఏమన్నావు?"

ఏమన్నాడో మేస్త్రికి బాగానే గుర్తుంది. వెడల్పున ఏడు గడులు, పొడవున తొమ్మిది, మొత్తం అరవై మూడు. దిమ్మ కింద పోయేది ఒకటి. మిగిలేవి అరవై రెండు. రెండు గడులకో బండ చొప్పున ముప్పై ఒకటి చాలు. ఒక్క కోత లేకుండా వేసిస్తాను సార్, నాదీ పూచీ అన్నాడు. కార్యదర్శి అక్కడే కాగితం మీద భాగించి చూసుకుని, లెక్క నిక్కచ్చిగా ఉందని సంబరపడ్డాడు. క్వారీ వాళ్ళు నాలుగు అంచులూ నున్నగా చెక్కి సరిగ్గా ముప్పై ఒక్క బండలే పంపారు. కోస్తే ఆ అంచు పోతుంది, కోత పుండులా కనపడుతూనే ఉంటుంది.

"లెక్క సరిపోయింది, బండలు సరిపోయాయి. ఇక సరిపోనిది ఏముంది?" అన్నాడు కార్యదర్శి. గొంతు తగ్గించి, "నీ చెయ్యి పాతబడిందేమో మేస్త్రీ. తప్పేం లేదు, వయసు. బుధవారం సాయంత్రం దాకా చూస్తాను. పై వీధి మేస్త్రి తను వేస్తానంటున్నాడు. గురువారం పొద్దున అతన్ని పిలిపిస్తా" అన్నాడు.

ఆయన వెళ్ళాక మేస్త్రి ఆ మిగిలిన బండ పక్కనే గోడ వారన కూలబడ్డాడు. తను మొదలెట్టిన నేల ఇంకొకడు పూర్తి చేస్తే ఆ తర్వాత తనని పిలిచేదెవరు? భార్య జల్లెడ పక్కన పెట్టి వచ్చి అతని ముందు మంచినీళ్ళ చెంబు పెట్టింది. "చెయ్యి పాతబడిందట! ఆయన చొక్కా కంటే కొత్తగానే ఉంది నీ చెయ్యి. ఐదోసారి వెయ్యి" అంది.

ఐదోసారి దిమ్మని ఆనుకుని ఒక గడీ, వెనక మూలన ఒక గడీ మిగిలాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మనిషి కుదురుగా కూర్చోలేదు. వరండా నేల మీద సుద్దముక్కతో ఏడు తొమ్మిదుల గడులు గీశాడు. బండల మధ్య పెట్టి పంపిన అట్టల్ని కత్తెరతో కోసి, రెండేసి గడులంత ముక్కలు ముప్పై ఒకటి చేశాడు.

"బండ కొయ్యకూడదు గానీ అట్ట కొయ్యొచ్చన్నమాట" అంది భార్య కాళ్ళు చాపుకుంటూ.

మూడుసార్లు పేర్చి మూడుసార్లూ చిరాకుగా చెరిపేస్తుండగా మేడమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. లెక్కల పిన్ని దిగొస్తోంది. అతని తల్లికి చెల్లెలు. డెబ్బై రెండేళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ లెక్కలు చెప్పింది, ఉద్యోగం అయిపోయాక మేడ మీద గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఆవిడ ఏం చేస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నెలకోసారి తెల్లకాగితాలు కొనిపెట్టడమే మేస్త్రికి ఆ లెక్కలతో ఉన్న పరిచయం.

కళ్ళజోడు సర్దుకుని నేల మీదకి వంగి చూసిన పిన్ని ఉన్నట్టుండి పంచదార డబ్బా దొరికిన చీమలా చురుగ్గా అయిపోయింది.

"ఎన్నిసార్లు వేశావురా?"

"అక్కడ ఐదు, ఇక్కడ మూడు. చెయ్యి పాతబడిందట పిన్నీ."

"నీ చేతికేం రోగం? ప్రతిసారీ ఏ గడులు మిగిలాయో గుర్తుందా?"

గుర్తుండకేం? మేస్త్రికి మనుషుల పేర్లు గుర్తుండవు గానీ మిగిలిన గడి మర్చిపోడు. పిన్ని చెప్పినట్టు అట్టముక్కలు తీసేసి, మిగిలిపోయిన ప్రతి గడిలో సుద్దతో అడ్డగుర్తు పెట్టాడు. తలుపు మూల. కిటికీ కింద. దిమ్మ పక్కన. వెనక మూల. పెట్టేకొద్దీ అతని చెయ్యి నెమ్మదించింది.

"పిన్నీ, రెండు గుర్తులు ఎక్కడా పక్కపక్కన పడట్లేదేంటి? ఒకటి విడిచి ఒకటి పడుతున్నాయి."

పిన్ని పెదవులు బిగించుకుంది. చెప్పెయ్యాలని ప్రాణం కొట్టుకుంటున్నా చెప్పకుండా ఉండటానికి ఆవిడ పడే అవస్థ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. "అయితే అలాగే ఒకటి విడిచి ఒకటి నిండా పెట్టు" అంది చివరికి.

పెట్టాడు. నాలుగు మూలలకీ గుర్తులు వచ్చాయి. సరిగ్గా మధ్యలో, దిమ్మ ఉన్న చోట, గుర్తు రాలేదు.

"ఇప్పుడు ఒక బండ వేస్తే ఎన్ని గుర్తులు కప్పుతుంది?"

"ఒకటి."

"అడ్డంగా తిప్పితే?"

"ఎటు తిప్పితే ఏముంది పిన్నీ? పక్కపక్క గడులు కదా, ఒకటి గుర్తుది, ఒకటి గుర్తు లేని ఖాళీది."

"గుర్తులెన్నో చూడు."

వేలు పెట్టి లెక్కపెట్టాడు. ముప్పై రెండు. ఖాళీవి ముప్పై ఒకటి. అందులో ఒకటి దిమ్మ కిందకి పోయింది. ముప్పై. మళ్ళీ లెక్కపెట్టాడు. అప్పుడు అతని వేలు నేల మీదే ఆగిపోయింది. ముప్పై బండలు ముప్పై ఖాళీ గడుల్నీ తినేస్తాయి. ఆ తర్వాత మిగిలేవి రెండూ గుర్తు గడులే. గుర్తు గడులు రెండు ఎప్పుడూ పక్కపక్కన ఉండవు. తను వేసినా, పై వీధి మేస్త్రి వేసినా, వంద మంది కలిసి వందేళ్ళు వేసినా.

"ఇది పడదు" అన్నాడు నెమ్మదిగా. తర్వాత లేచి నిలబడి వీధి చివరికి వినపడేలా అరిచాడు. "ఇది ఎవడు వేసినా పడదే! నా చేతిలో తప్పు లేదే!"

భార్య ఉలిక్కిపడింది. అతను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నేల దగ్గర కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాడు. ఆవిడ కూడా లెక్కపెట్టింది. ఆవిడ కూడా రెండోసారి లెక్కపెట్టింది. "అమ్మ దొంగా! ఇంత చిన్న సంగతా మనల్ని ఇంత ఏడిపించింది?" అని నేలని తిట్టింది. ముగ్గురూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు.

నవ్వు తగ్గాక మేస్త్రి అడిగాడు. "ఇది మొదట కనిపెట్టిందెవరు పిన్నీ?"

"నాకూ తెలీదురా."

"ఇంత గొప్ప సంగతి కనిపెట్టిన మనిషి పేరు నీకే తెలీదా? పెద్దాయన ఏ రంగు సిరాతో రాసేవాడో కూడా మా టీకొట్టు బాబాయికి తెలుసు. బళ్ళో ఎక్కాలు రాలేదని నన్ను ఎండలో నిలబెట్టారు గానీ, ఇలాంటిది ఒక్కటైనా చూపించారా? ఆయనకి విగ్రహం పెట్టినట్టు వీళ్ళకెందుకు పెట్టరు?"

పిన్ని సుద్ద అంటిన వేళ్ళు చూసుకుంది. "దీనికంటే వెయ్యి రెట్లు అందమైనవి ఉన్నాయిరా. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. ఎవరికి చెప్పను? చెప్పబోతే, అబ్బో, మీరు చాలా తెలివైనవాళ్ళండీ అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. నన్ను మెచ్చుకుని ఏం లాభం? దాన్ని చూడాలి కదా!"

"కథ అయితే ఇసక జల్లిస్తూ వినొచ్చు అత్తయ్యా" అంది భార్య. "చేతిలో పని ఆగక్కర్లేదు. మీ వాటికి పని ఆపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చోవాలి. అది ఎంతమందికి కుదురుతుంది చెప్పండి?"

పిన్ని ఆవిడ వంక అలాగే చూసింది. "అమ్మాయ్, ఎన్నో ఏళ్ళుగా ఎందరితోనో వాదించాను దీని గురించి. ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు" అని పొలమారేలా నవ్వింది.

"నువ్వు రాసినవి ఎంతమంది చదివుంటారు పిన్నీ?"

"బాగా రాశాననుకున్నది ఒకటుంది. అది పదకొండు మంది చదివారు."

"పదకొండు వేలా?"

"పదకొండు మందిరా! చేతివేళ్ళు చాలక ఒక కాలివేలు కలుపుకున్నాను" అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ మేస్త్రికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

మంగళవారం పొద్దున మేస్త్రి గాలిలో తేలుతూ గ్రంథాలయానికి వెళ్ళాడు. కార్యదర్శి అప్పటికే అక్కడ ఉన్నాడు.

"సార్, ఇది కుదరదు!"

"కుదరదని చెప్పడానికి ఇంత సంతోషమా?"

"నాకు కుదరకపోవడం కాదు సార్, ఎవరికీ కుదరదు."

"ఇదెక్కడి మాట? పెద్దాయన నవలలాంటిది నేను రాయలేను. నేను రాయలేనంత మాత్రాన అది ఎవరూ రాయలేనిది అయిపోయిందా? ఆయన రాశాడుగా!"

ఆ తేడా మేస్త్రికి తెలుసు, చెప్పడం రావడం లేదు. సుద్దముక్క తీసి బండల మీదే గుర్తులు పెట్టి, ముప్పై రెండు, ముప్పై అని గబగబా చెప్పుకొచ్చాడు. కార్యదర్శి జేబురుమాలు మడత పెట్టుకున్నంతసేపు విన్నాడు.

"గుర్తులు పెట్టింది నువ్వేగా?"

"నేనే సార్."

"చెరిపెయ్. అప్పుడు పడుతుందేమో చూద్దాం" అని చక్కా వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఉసూరుమన్నాడు. అంతలో టీకొట్టు బాబాయి గ్లాసులు పట్టుకొచ్చాడు. ఈయనకైనా చెబుదామని మొదటినుంచీ చెప్పాడు. బాబాయి తలాడిస్తూ అంతా విని, "అబ్బో! బలే తెలివైన పని మేస్త్రీ" అని ఖాళీ గ్లాసులు ఏరుకున్నాడు. ఆ 'అబ్బో' వినగానే మేస్త్రికి నిన్నటి పిన్ని మొహం గుర్తొచ్చింది. తను మాత్రం నిన్న ఎలా అరిచాడు? ఎనిమిదిసార్లు ఓడిపోయి ఉన్నాడు కాబట్టి అరిచాడు. ఒక్కసారైనా ఓడిపోని బాబాయి ఎందుకు అరుస్తాడు?

సంచిలోంచి అట్టముక్కలూ, గడులు గీసిన అట్టా తీశాడు. "అదంతా వదిలెయ్ బాబాయ్. ఇవి ముప్పై ఒకటి. ఈ గీతల్లో దిమ్మ వదిలి పేర్చు. పేర్చావంటే వారం రోజులు నీ కొట్టులో నేనే టీ కాస్తాను."

"ఇంతేనా? పొయ్యి మీద నీళ్ళు మరిగేలోపు పేర్చిపారేస్తా."

నీళ్ళు మరిగాయి, ఇగిరాయి, గిన్నె మాడింది. కొట్టు ముందు బల్ల మీద బాబాయి తల ఎత్తలేదు. టీకి వచ్చినవాళ్ళు టీ సంగతి మర్చిపోయి భుజాల మీంచి వంగారు. "అది అటు తిప్పు" అన్నవాడికి చోటిచ్చారు, వాడు తిప్పి తెల్లమొహం వేశాడు. బిస్కెట్ల అట్టపెట్టెలు కోసి ఇంకో రెండు జతలు తయారుచేశారు. మధ్యాహ్నానికి కుట్టుమిషను ఆవిడ, సైకిళ్ళ రిపేరు చేసేవాడు పందెం కాసుకున్నారు. కార్యదర్శి అటుగా పోతూ ఆగి, "ఇంతమంది ఉండి ఇంత చేతకానితనమా" అని, ఎవరూ చూడట్లేదనుకుని ఒక జత అట్టముక్కలు జేబులో వేసుకున్నాడు. మేస్త్రి భార్య చూసింది. చూసి కూడా ఊరుకుంది. అంత మంచి మాట దాచుకోవడం ఆవిడకి ఎంత కష్టమో మేస్త్రికే తెలుసు.

నాలుగింటికి బాబాయి జుట్టు పీక్కుంటూ లోపలికి వచ్చాడు. "మేస్త్రీ, నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఇది అసలు కుదిరేదేనా?"

మేస్త్రి సుద్దముక్క చేతికిచ్చాడు. "మిగిలిన చోట్లల్లా గుర్తు పెట్టు బాబాయ్."

కాసేపటికి టీకొట్టు దగ్గర లేచిన అరుపుకి గ్రంథాలయం లోపల చదువుకుంటున్నవాళ్ళు బయటికొచ్చారు. పొద్దున మేస్త్రి చెప్పింది కూడా ఈ మాటే. మాటలో ఒక్క అక్షరం మారలేదు.

బుధవారం పొద్దున ఏడింటికి ఇంటి గేటు చప్పుడైంది. కార్యదర్శి. గడ్డం గీసుకోలేదు, చొక్కా నలిగి ముడుచుకుపోయి ఉంది. భార్య లోపలికి చూసి, "ఏవయ్యా, మీ సార్ వచ్చారు. ఇస్త్రీ లేకుండా వచ్చారు" అంది.

పిన్ని మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటోంది. కార్యదర్శి ఆవిడకి నమస్కారం పెట్టాడు. "లెక్కలమ్మ గారంటే మీరేనా? ముప్పై తొమ్మిదిసార్లు పేర్చానమ్మా. ప్రతిసారీ ఇంకొక్కసారి వేస్తే పడిపోతుందనిపిస్తోంది. చివరి పేజీ చింపేసిన నవల చదువుతున్నట్టుంది నాకు. నిద్ర లేదు."

"రండి, కూర్చోండి" అంది పిన్ని, జాలిగానూ సంతోషంగానూ. వరండాలో గడులు ఇంకా ఉన్నాయి, గుర్తులు మాత్రం కాళ్ళ కింద పడి చెరిగిపోయాయి. సుద్దముక్క ఆయన చేతికే ఇచ్చింది. ఆయన సాహిత్యం మనిషి కదా, ప్రతి గుర్తూ అక్షరం దిద్దినట్టు పెట్టాడు. లెక్కపెట్టాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. హఠాత్తుగా అరచేత్తో గుర్తులన్నీ చెరిపేశాడు. చెరిపేసి నేల వంక గుడ్లప్పగించి చూశాడు.

"చెరిపేసినా ఉన్నాయి!" అన్నాడు. "అమ్మా, ఇవి చెరిపేసినా ఉంటాయి కదా! నేను చూడకముందు కూడా ఉన్నాయి కదా!"

"ఉన్నాయండీ" అంది పిన్ని. "అదేనండీ మేము చెప్పేది."

కార్యదర్శి కళ్ళు తుడుచుకుని నవ్వాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "నీ చెయ్యి పాతబడిందన్నాను. తప్పుగా అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను మేస్త్రీ."

"టీ తాగుతారా సార్?" అన్నాడు మేస్త్రి.

"తాగుతాను గానీ, మరి శనివారం ఎలా?"

మేస్త్రి దాని కోసమే ఎదురుచూస్తున్నాడు. "దిమ్మ ఇప్పుడు గుర్తు లేని గడి మీద ఉంది సార్. అందుకే అవి తక్కువై గుర్తులు ఎక్కువయ్యాయి. దాన్ని పక్కనున్న గుర్తు గడి మీదకి జరిపామనుకోండి, అవి ముప్పై ఒకటి, ఇవి ముప్పై ఒకటి."

"సమానమైతేనే పడుతుందని ఏమీ లేదు. వేసి చూపించాలి" అంది పిన్ని వెంటనే.

"వేశాను పిన్నీ" అని మేస్త్రి అట్టముక్కలు పేర్చాడు. దిమ్మ చుట్టూ నాలుగు ముక్కలు, ఒకరి వెనక ఒకరు భుజం పట్టుకుని గుండ్రంగా తిరిగే పిల్లల్లా. వాటికి అటు మూడు, ఇటు మూడు. మిగిలినవన్నీ వరసలుగా. ముప్పై ఒకటో ముక్క దాని చోట్లో అది కూర్చుంది.

కార్యదర్శికి అప్పుడు తెలిసొచ్చింది. "అంటే... పెద్దాయన్ని మధ్యలోంచి జరపాలా?"

టేపు పెట్టి కొలిచి మరీ దిమ్మకి ఆ మధ్యని పట్టుకున్నది ఈ కార్యదర్శే.

"ఎంత?"

"రెండడుగులు."

"ఎటు?"

"వెనక్కి."

"తలుపు తియ్యగానే మొహాన ఎండ కొట్టదు. ఆయనకీ హాయే" అంది భార్య.

కార్యదర్శి టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఒక్క మాట కోసం ఆయన నవల అంతా తిరగరాసేవాడట. ఈ సంగతి చెబితే ఆయనే లేచి జరిగేవాడు. జరపండి" అన్నాడు.

దిమ్మ కింద ఇనపగొట్టాలు దొర్లించి, గడ్డపారతో అంగుళం అంగుళం జరిపారు. మేస్త్రి దారాలు మళ్ళీ కట్టాడు. భార్య ఇసక, సిమెంటు కలిపింది. ఒక్కో బండా దించడం, మట్టం పెట్టి బుడగ మధ్యలోకి వచ్చిందో లేదో చూడటం, రబ్బరు సుత్తితో తట్టడం. బోలు చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చేదాకా తట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం ముప్పై ఒకటోది మిగిలింది. ఐదు రోజులుగా గోడకి ఆనుకుని ఉన్నది అదే. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని దించారు. ఎక్కడా ఒరుసుకోకుండా దిగింది.

"వచ్చి కూర్చో తల్లీ" అంది భార్య బండతో.

శనివారం సాయంత్రం గది కిక్కిరిసింది. తెర తీశారు, చప్పట్లు కొట్టారు, టీకొట్టు బాబాయి మొదటి వాక్యం అందరికంటే గట్టిగా అన్నాడు. ముఖ్య అతిథి ముందే చెప్పుల్లేకుండా నేలంతా తిరిగి ఒక్క కోత కూడా లేదని ఒప్పుకుని, ఆ తర్వాత అందరూ అడగబోతున్నదే అడిగాడు. "అంతా బాగుంది గానీ, విగ్రహం నడిమధ్యలో లేదేం?"

కార్యదర్శి చేతిలో పద్నాలుగు పేజీల ప్రసంగం ఉంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అదే జేబులోంచి అట్టముక్కలూ, గడులు గీసిన కాగితమూ తీశాడు. "చెప్పనండి. ముందు మీరు కూర్చుని, నడిమధ్య గడి వదిలేసి ఇవి పేర్చండి" అన్నాడు. ముఖ్య అతిథి కూర్చున్నాడు. ఆయన చుట్టూ ఇంకో పదిమంది చతికిలబడ్డారు. చూస్తుండగానే గది గదంతా నేల మీదే ఉంది. పెద్దాయన విగ్రహం తల వంచిన భంగిమలో చెక్కారేమో, ఆయన కూడా అటే చూస్తున్నట్టుంది.

లెక్కల పిన్ని వెనక తలుపు దగ్గర నిలబడింది. వేదిక మీదకి రమ్మని కార్యదర్శి మైకులో పిలిస్తే రానని చెయ్యి ఊపింది. "నేను కనిపెట్టింది కాదండీ, ఎవరో నాకు తెలీదు" అని కేకేసింది. కార్యదర్శి ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఆ పేరు తెలియని మనిషి కోసం" అని తనే మొదట చప్పట్లు కొట్టాడు. గదంతా కొట్టింది. తెర తీసినప్పటి కంటే గట్టిగానే కొట్టింది.

ఆ సందడిలో బాబాయి ఎవరో కొత్త మనిషిని పట్టుకుని చెబుతున్నాడు. "గుర్తులు ముప్పై మూడండీ, ఖాళీలు ముప్పై..." కొత్త మనిషి వేలితో లెక్కపెట్టి, "కాదే, ముప్పై రెండేగా" అన్నాడు. "చూశారా, మీరే లెక్కపెట్టారు!" అని బాబాయి ఆయన భుజం చరిచాడు. పిన్ని కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. తర్వాత కళ్ళు కూడా తుడుచుకుంది.

ఆదివారం సాయంత్రం మేస్త్రి మేడమెట్ల కింద నిలబడి పిలిచాడు. "పిన్నీ, ఆ పదకొండు మంది చదివిన కాగితం ఉందా?"

చాలాసేపటికి పిన్ని అంచులు పసుపెక్కిన కాగితాలు పట్టుకుని దిగొచ్చింది. "ఎందుకురా?"

"పన్నెండోవాణ్ణి నేనవుతా."

"అది బండల లెక్క కాదు నాన్నా. చాలా కష్టం. మొదటి వాక్యానికే నెల పడుతుంది."

"పట్టనీ. ముందు నన్ను ఓడించు. నాలుగైదుసార్లు ఓడిపోందే నాకేదీ ఎక్కదని తెలిసిందిగా."

పిన్ని వరండా మెట్టు మీద కూర్చుంది. కాగితాల్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో సాపు చేసింది, చేసిందే చేసింది. సుద్దముక్క అందుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని నేల వంక చూస్తూ ఉండిపోయింది.

"ఆగండి అత్తయ్యా, నేను రాకుండా మొదలెట్టకండి" అని కుళాయి దగ్గర్నుంచి కేక వినపడింది. మేస్త్రి భార్య మోచేతుల దాకా సిమెంటు మరకలు రుద్దుకుంటోంది. నీళ్ళు దులుపుకుంటూ వచ్చి, కొంగుతో తడి తుడుచుకుని, ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది.

"చేతులు కడుక్కున్నాను. ఇక చెప్పండి" అంది.